అరిగిపోయే కానుక

గృహప్రవేశానికి చెక్క చాపింగ్ బోర్డు ఇద్దామనుకుంటాం. నునుపు చూస్తాం, అంచులు చూస్తాం. దానిమీద వాళ్లు నిజంగా ఉల్లిపాయ తరుగుతారా అని మాత్రం ఆలోచించం.

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలకీ చెంచాలకీ భౌగోళిక గుర్తింపు ఉంది. కొండ అడవిలో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రని చేత్తో చెక్కి, నునుపు చేస్తారు. ఆ పనిలో ఆడవాళ్లు చాలామంది. "ఇంత బావుంది, వాడితే పాడవదూ!" అని మనం అద్దాల బీరువాలో పెడతాం. అది గౌరవమేనా? అక్కడ చెంచా ఏళ్లతరబడి ఉంటుంది, చేసినవాళ్లకి మాత్రం ఒక్కసారే కూలి. పులుసులో తిరిగి తిరిగి అరిగితేనే కదా మళ్లీ ఉదయగిరి గుర్తొచ్చేది.

మరి అడవి కూడా అరుగుతుందిగా అంటారా? నిజమే. అందుకే ఒకటి చాలు. ఆ ఒక్కటీ వంటింట్లో ఉండాలి.