పనినెరిగిన పరదేశి



మన పల్లెకు క్రొత్తగా నర్సమ్మ గాని ఉపాధ్యాయుడు గాని వచ్చి బస్సు దిగినప్పుడు, చెట్టు క్రింద కూర్చున్న ముసలమ్మ అడుగు మొదటి ప్రశ్న ఇది: "ఎన్నొద్దులుంటవు బిడ్డా?" ఏమి చదివితివని ఆమె అడుగదు. చదివినవారు అనేకులు వచ్చి, బదిలీ కాగితము చేతికి రాగానే వెళ్లిపోవుట ఆమె చూచియున్నది. ఆ ప్రశ్నలో సందేహమున్నది, ఆశయు ఉన్నది. వచ్చినవారు దానికి ఏమి జవాబు చెప్పవలెను? అడిగిన పల్లె తానేమి చేయవలెను? ఈ రెండు సంగతులను మనము ధ్యానింతము.

చేతిలో విద్యతో పరదేశము చేరినవారు పరిశుద్ధ గ్రంథమందును కలరు. నెబుకద్నెజరు యెరూషలేమునుండి చెరగొనిపోయినవారిలో కంసాలులును కమ్మరులును ఉండిరి. పనినెరిగినవారు గనుకనే రాజు వారిని కోరెను. అయితే యిర్మీయా ప్రవక్త బబులోనులోనివారికి వ్రాసిన పత్రికలో వారి పనితనమును గూర్చిన మాట లేదు. అక్కడ ఇండ్లు కట్టుకొనవలెననియు, తోటలు నాటవలెననియు, ఆ పట్టణపు క్షేమముకొరకు ప్రార్థింపవలెననియు ఉన్నది. మామిడి టెంక పాతువాడు రేపటి పండుకొరకు పాతడు. దాని పండు తాను తినకపోయినను, ఆ ఊరి పిల్లలు తిందురని నీళ్లు పోయును. చెరపట్టబడినవారినే ఆ మనస్సు కలిగియుండుడని దేవుడు కోరినయెడల, జీతము పుచ్చుకొని ఇష్టపూర్వకముగా వచ్చినవారిని మరి ఎంతగా కోరును?

మన పొరుగునున్న నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిని తలంచుడి. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ అమ్మగారు తన భర్త జార్జి కెర్ దొరగారితో వెస్లియన్ మిషను పక్షమున 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చెను. వారు 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆశ్రమమును ఆరంభించిరి. ఆ పనికి నిజామాబాదు వాస్తవ్యుడును హిందువునైన రాజా నర్సాగౌడు ధనసహాయము చేసెను. తరువాత అక్కడ రోగులకు సూదిమందుగా ఇచ్చిన నూనె మన దేశపు అడవి చెట్ల గింజలనుండి తీసినది. దాని జాతి నూనెలను మన వైద్యులు పూర్వమునుండి ఎరుగుదురు. చూచితిరా? చదువు సముద్రము దాటి వచ్చెను, ధనము ఊరివారు ఇచ్చిరి, మందు ఈ దేశపు చెట్టే ఇచ్చెను. నేడు ఆ రోగము మాత్రలతో నయమగుచున్నది. కాని ఆ దినములలో ఇంటివారే వెలివేసినవారి పుండ్లను ముట్టి, 1932లో తాను కన్నుమూయువరకు ఆమె వారిని విడువలేదు.

ఇక మన అడవి సీమకు వత్తము. జోడేఘాటులో 1940లో కుమ్రం భీము చంపబడిన పిమ్మట, నైజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులు తెలిసికొనుటకు హైమెండార్ఫు అను ఆస్ట్రియా దేశపు పండితుని పంపెను. ఆయన మిషనరీ కాడు. అయినను ఆయన మార్గము మనకు పాఠము. ఆయన భార్య బెట్టీతో కూడ మార్లవాయి గ్రామములో కాపురముండి, గోండుల భాష నేర్చుకొనెను. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్రమొకటి ఏర్పడెను. తానే నిత్యము బోధకుడుగా ఉండుటకు చూడక, ఆ ఊరి బిడ్డలే బోధకులగుటకు ఆయన పాటుపడెను. బెట్టీ 1987లో మరణించగా ఆమెను మార్లవాయిలోనే పాతిపెట్టిరి. ఆయన 1995లో మరణించెను. ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచిరి.

అయితే అందరును చచ్చువరకు ఒక్క ఊరిలో ఉండగలరా? ఉండలేరు. నర్సమ్మకు ముసలి తల్లి ఉండును, ఉపాధ్యాయునికి పిల్లల చదువు ఉండును. వెళ్లిన ప్రతివానిని ద్రోహి అనుట న్యాయము కాదు. ముసలమ్మ ప్రశ్నకు దినములు లెక్కించి జవాబు చెప్పనక్కరలేదు. "ఉన్నన్నాళ్లు మీలో ఒకడనై ఉందును. పోవునప్పుడు నా విద్యను మీ బిడ్డల చేతిలో పెట్టి పోవుదును" అని చెప్పగలవాడు ధన్యుడు. ఒక్క సంవత్సరముండి ఒక పిల్లకు గాయము కట్టుట నేర్పినవాడు, ఇరువది యేండ్లుండి ఎవరికిని ఏమియు నేర్పనివానికంటె ఆ ఊరికి ఎక్కువ మేలు చేసెను.

ఇప్పుడు పల్లె సంగతి. మనము నర్సమ్మ చేతి మందు కోరుదుము, ఆమె ఒంటరితనమును ఎరుగము. "ఎన్నొద్దులుంటవు" అని అడుగుదుము గాని, "అన్నం తిన్నవా బిడ్డా" అని అడుగుచున్నామా? ఆమె కులమేమో విచారించిన తరువాతగదా అద్దెకు గది ఇచ్చుచున్నాము! కొరింథులో పౌలుకు చోటిచ్చిన అకుల ప్రిస్కిల్లలు తామే రోమానుండి వెళ్లగొట్టబడి వచ్చినవారు, డేరాలు కుట్టువారు. పరదేశి దుఃఖము వారికి తెలియును. మనకును తెలియవలెను, మన బిడ్డలు గల్ఫు దేశములలో తాపీపనికిని కరెంటు పనికిని పోయియున్నారు గనుక. అక్కడ మన వానిని ఎవరైన ఒకపూట భోజనమునకు పిలిచిరని వినినప్పుడు తల్లి కంట నీరు తిరుగదా?

మరియొక మాట. పనినెరిగిన పరదేశి అనగా డాక్టరు మాత్రమే అనుకొనకుడి. పెద్దపల్లి ప్రాంతపు ఇటుక బట్టీలకు ఒడిశానుండి కుటుంబములు వచ్చి పనిచేయుచున్నవి. మట్టిని ఎంత తడుపవలెనో, ఇటుకను ఎంత ఆరబెట్టవలెనో వారి చేతులకు తెలియును. అదియు విద్యయే. డాక్టరుకు కుర్చీ వేసి, ఇటుక చేయువానికి ముఖము చూపని సంఘము ఎవరిని గౌరవించినట్లు? మనుష్యుని కాదు, అతనివలన కలుగు లాభమునే గౌరవించినట్లు.

కాబట్టి ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, మీ ఊరిలో పరాయివారెవరో ఒకరి తలుపు తట్టుడి. పని చెప్పుటకు కాదు, పేరు అడుగుటకు, అన్నమునకు పిలుచుటకు. తలదాచుకొన చోటులేక ఈ లోకమునకు వచ్చిన వడ్లవాని కుమారుడు ఆ తలుపు వెనుక మనకొరకు కనిపెట్టుచుండవచ్చును.

ప్రభువా, వచ్చినవారికి నిలుచు మనస్సును, ఉన్నవారికి చేర్చుకొను మనస్సును దయచేయుము. ఆమేన్.