జోడేఘాట్ పున్నమి

మా బాపమ్మకు తారీఖులు తెలియవు. తాత ఎప్పుడు పోయిండని అడిగితే, "బతుకమ్మ పండుగ ఎల్లినంక, పున్నానికి ముందటి ఏకాశి నాడు. ఆ యేడు వానలు మస్తు కొట్టినయ్" అనేది. ఏ సంవత్సరమో ఎన్నడూ చెప్పలేదు. కానీ ఏటా ఆ ఏకాదశికి రెండు రోజుల ముందే నాన్నను పిలిచి, "బియ్యం జూస్కోరా" అని గుర్తుచేసేది. గోడ మీది క్యాలెండర్ వైపు ఒక్కసారి కూడా చూడకుండా.

పెత్రమాస నాడు ఆమెది ఇంకో తీరు. పొద్దున పెద్దల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చేది. ఆమె ఎన్నడూ చూడని వాళ్ళు, మా ముత్తాతల తల్లులు, అందరి పేర్లూ వచ్చేవి. సాయంత్రానికి అదే చేతులు గునుగు, తంగేడు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మను చేసేవి. పొద్దున పోయినవాళ్ళు, మాపటికి పూలు. కరీంనగర్ పల్లెల్లో పుట్టినవాళ్ళెవరికీ ఇందులో వింత కనిపించదు. ఒకే రోజు రెండింటినీ మోస్తుందని మేం నేర్చుకున్నది అక్కడే.

తద్దినం అన్న మాటకు అర్థం 'ఆ రోజు' అనే. ఏ రోజని విడమరిచి చెప్పే పని లేదు, ఆ ఇంటివాళ్ళకు తెలుసు. ఇంత నెమ్మదైన మాటను విసుగొచ్చిన పనులకు వాడుకోవడం వింటే నాకు కష్టంగా ఉంటుంది.

ఇంటికి తద్దినం ఉన్నట్టే ఒక జాతికీ ఉంటుంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోని జోడేఘాట్‌లో ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు గోండు వీరుడు కుమురం భీం వర్ధంతి చేస్తారు. పశువులు మేపితే పన్ను, అడవిలో చేను కొడితే కేసు, పండిన పంట మీద ఇంకొకరి హక్కు. వీటన్నిటినీ ఎదిరించి పన్నెండు గూడేలను ఒక్కటి చేసిన భీం 1940లో ఆ గుట్టల మీదే నిజాం పోలీసుల తుపాకులకు నేలకొరిగాడు. ఏ తారీఖున అంటే పుస్తకాలు ఒక మాట మీద లేవు. సెప్టెంబరని కొందరు రాశారు, అక్టోబరని కొందరు. అందులోనూ రోజులు వేరు. జోడేఘాట్ ఆ తగువులోకి దిగలేదు. ఆ పున్నమి నాడు ముందు భీం వంశీకులు తమ ఆచారం ప్రకారం పూజ చేస్తారు. ఆ తర్వాతే సభలు, అధికారుల దర్బారు.

గోండుల ఏడాది అంతా చంద్రుడి నడకే. పొలాల అమావాస్య నాడు ఎడ్లకు పండుగ. పుష్య అమావాస్య అర్ధరాత్రి కేస్లాపూర్ నాగోబాకు గోదావరి నీళ్ళతో మహాపూజ. భీం కూడా ఆ వరసలోనే కలిశాడు. ఇంగ్లిషు లెక్కలో చూస్తే ఈ పున్నమి నిలకడ లేనిదే. 2024లో అక్టోబరు 17న వచ్చింది, 2025లో 7నే వచ్చింది. చాంద్రమాన సంవత్సరానికి దాదాపు 354 రోజులే కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, అధికమాసం కలిసిన ఏడు మళ్ళీ వెనక్కి వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం కలిసినందున అక్టోబరు చివరి వారానికి పోతుంది. ఇది గందరగోళమని అనేవాళ్ళుంటారు. నాకు అలా తోచదు. కాగితం లేని గూడెంలో, చదువు అందని కాలంలో, తన మనిషి పోయిన రోజును ఎవరూ చెరపలేని చోట రాసిపెట్టుకోవాలంటే ఆకాశం తప్ప ఏముంది? నిండు చంద్రుణ్ణి గుర్తుపట్టడానికి ఏ బడికీ పోనక్కరలేదు.

జైనూరు పక్కన మార్లవాయిలో వేరొక వర్ధంతి ఉంది. భీం తిరుగుబాటు తర్వాత గోండుల కష్టాలకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపితే, ఆయనా ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఆ ఊళ్ళోనే గుడిసె వేసుకొని బతికారు. 1943లో అక్కడ గోండులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. వేలాది కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చాయి. 1987 జనవరి 11న బెట్టీ కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఊరివాళ్ళు ఏటా జనవరి 11నే వాళ్ళను తలుచుకుంటారు. వచ్చినవాళ్ళను వాళ్ళ లెక్కలోనే గౌరవించారు. తమవాణ్ణి తమ లెక్కలో దాచుకున్నారు.

భీం పోయిన రోజుగా తలిచే ఆ పున్నమే వాల్మీకి పుట్టినరోజు. బోయవాడు ఋషి అయ్యాడన్న కథ జనం నోట పెరిగింది. రామాయణం ఉత్తరకాండలో మాత్రం ఆయన తనను ప్రచేతసుడి పదో కొడుకునని చెప్పుకుంటాడు. నాకు ఆ రెండింటికన్నా తమసా తీరంలో జరిగింది ముఖ్యం. జంటగా ఉన్న క్రౌంచ పక్షుల్లో ఒకటి బాణం తగిలి పడింది. బతికిన ఆడపక్షి ఏడుపు విని ముని నోట శాపం వచ్చింది. వెంటనే, నేనేమిటి ఇలా పలికాను అని ఆయనే కలత చెందాడు. చంపినవాడి మీద కోపం, ఆ కోపం మీద తనకే దిగులు. రెండూ ఆ ఒక్క క్షణంలో ఉన్నాయి. ఆదికావ్యం అక్కడ మొదలైంది. అడవిలో ఒక ప్రాణి నేలరాలితే చూసి ఊరుకోలేనివాడి జయంతీ, అడవి కోసం నేలరాలినవాడి వర్ధంతీ ఒకే వెన్నెల్లో రావడం నాకు ఊరికే జరిగిందనిపించదు.

ఇదే పున్నమికి బౌద్ధంలో పవారణ అని పేరు. ఆషాఢ పున్నమి మరునాటి నుంచి మూడు నెలలు వానాకాలమంతా ఒకేచోట ఉన్న భిక్షువులు మళ్ళీ దారిపట్టే ముందు సమావేశమవుతారు. నాలో మీరు ఏదైనా తప్పు చూశారా, విన్నారా, అనుమానించారా, దయచేసి చెప్పండి, దిద్దుకుంటాను అని చేతులు జోడించి అడుగుతారు. అడగడం అందరికన్నా పెద్ద భిక్షువుతో మొదలవుతుంది. నాకు ఎంతో ఇష్టమైన నియమం అది. మన ఇళ్ళలో తప్పు అడిగించేది చిన్నవాళ్ళ చేతనే కదా! పెద్దపల్లి దగ్గర ధూళికట్ట స్తూపానికి వెళ్ళిన ప్రతిసారీ ఈ సంగతే తలపుకొస్తుంది. అక్కడ దొరికిన రాతిపలకల మీద ముచలింద నాగు పడగ విప్పి ఉంటుంది. బోధి తర్వాత ఏడు రోజుల వానలో బుద్ధుడికి గొడుగు పట్టిన నాగు. సుమారు రెండు వేల ఏళ్ళ కింద అక్కడి వాగు ఒడ్డున వానలు గడిపిన భిక్షువులూ ఆశ్వయుజ పున్నమికి ఒకరి ముందు ఒకరు చేతులు జోడించే ఉంటారు.

ఇప్పుడు ఆ రోజు మూడు ముక్కలైంది. పట్నంలో వాల్మీకి పటానికి దండ వేసి వెళ్ళిపోతారు. జోడేఘాట్ ఆదివాసుల సంగతి అనుకుంటారు. ధూళికట్ట దిబ్బ వైపు ఎవరూ రారు. వాల్మీకికి దండ వేసిన చేతులు జోడేఘాట్‌లోనూ ఒక పువ్వు పెట్టాలని నా కోరిక. రామాయణం చదివి భీం ఊసెత్తకపోతే ఆ పక్షి ఏడుపు మనం విననట్టే.

నేను నాలుగేళ్ళుగా ఆ పున్నమికి జోడేఘాట్ పోతున్నాను. ఎందుకో చెప్పాలి. బాపమ్మ పోయిన తారీఖు నాకు తెలుసు, కాగితం మీద ఉంది. మొదటి ఏడాది ఆ తారీఖు పట్టుకొనే కూర్చున్నాను. మా ఊరి అయ్యగారు తిథి అడిగితే నోట మాట రాలేదు. అందరి తిథులూ చెప్పిన మనిషి తిథి నాకు తెలియదు! పంచాంగం తిరగేస్తే తేలింది. ఆశ్వయుజ బహుళ పాడ్యమి. పున్నమి మరునాడు.

అందుకే జోడేఘాట్‌లో రాత్రి ఉండను. చంద్రుడు గుట్టల మీదికి రాగానే కెరమెరి ఘాట్ దిగి వచ్చేస్తాను. తెల్లారితే బియ్యం ఇవ్వాలి.