మొండి గోడలు

చదువుము: యోహాను 4:35–38

17వ శతాబ్దమున ఆంగ్లేయ కంపెనీ వర్తకమునకు సూరత్ పట్టణము ముఖ్యస్థానము. అచ్చట అధ్యక్షుడైన జెరాల్డ్ ఆంజియర్, తన అధికారము క్రిందనున్న బొంబాయిలో ఒక దేవాలయము ఉండవలెనని కోరెను. 1676లో పని మొదలాయెను. మరుసటి సంవత్సరమే ఆయన సూరత్‌లో మరణించెను. ఓడలు వచ్చుచు పోవుచుండెను, వర్తకము సాగుచుండెను; దేవుని మందిరము మాత్రము సుమారు నలువది సంవత్సరములు మొండి గోడలుగా నిలిచిపోయెను.

1714లో రిచర్డ్ కోబ్ అను ఆంగ్లికన్ గురువు బొంబాయికి వచ్చెను. అందరును చూచుచుండిన గోడలే అవి. ఆయన మాత్రము చూచి ఊరకుండలేకపోయెను. 1715లో ప్రసంగపీఠము నుండి జనులను పురికొల్పెను; చందాలు కూర్చెను. 1718 క్రిస్మస్ దినమున పరిశుద్ధ తోమా దేవాలయము తెరువబడెను. 1837లో బొంబాయి డయోసీసు ఏర్పడగా అదియే కెథెడ్రల్ ఆయెను. ముంబయిలోని చర్చిగేట్ అను పేరు ఆ దేవాలయమునకు దారితీసిన కోటద్వారమును బట్టి వచ్చినదే.

మొదలిడినవాడు ముగింపు చూడలేదు. ముగించినవాడు దానిని కెథెడ్రల్‌గా చూడలేదు. విత్తిన చేతులు వేరు, కోసిన చేతులు వేరు, చేను ప్రభువుదే. తాను మొదలిడని పనిని ముగించుటకు వినయము కావలెను.

ప్రియ చదువరీ, నీ సంఘములో మొండి గోడలున్నవా? ఆగిపోయిన ఆదివారపు బడి, ఒక వృద్ధుడు కన్నుమూయగా నిలిచిపోయిన పల్లె సేవ? ఎవరు విడిచిరని విచారింపకుము. నేడు ఒక రాయి పెట్టుము.

ప్రార్థన: ప్రభువా, ఇతరులు ప్రారంభించిన నీ పనిని నా పనిగా ఎంచు మనస్సు నాకిమ్ము. ఆమేన్.