జవాబు వస్తే చాలదా?

లెక్కకి జవాబు సరిగ్గానే వచ్చింది. స్టెప్పులు రాయలేదని టీచరుగారు సగం మార్కులు కోసేశారు. ఇది న్యాయమేనా? మన ఇళ్ళల్లో తరచు వచ్చే ప్రశ్నే ఇది. చాలాసార్లు పిల్లలకంటే మనకే ఎక్కువ కోపం వస్తుంది. ఇరవై ఎక్కాలూ అప్పజెప్పి, నోటిలెక్కలు కట్టి, ఎంట్రన్సు పరీక్షల్లో నిమిషానికో జవాబు గుర్తుపెట్టి ఈ దేశం దాకా వచ్చినవాళ్ళం మరి! జవాబు తప్పు కానప్పుడు దారితో ఎవరికి పని?

మార్కుల సంగతి పక్కన పెట్టి ఒక లెక్క చూద్దాం. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలోది. ఒక బావిలోకి నాలుగు ఊటలు. విడివిడిగా వదిలితే మొదటిది ఒక రోజులో, రెండోది అరరోజులో, మూడోది రోజులో మూడో వంతులో, నాలుగోది ఆరో వంతులో బావిని నింపుతాయి. నాలుగూ ఒక్కసారే వదిలితే ఎంతసేపు పడుతుంది?

మన పిల్ల ఒకతె నాలుగు కాలాలనూ కూడి, నాలుగుతో భాగించి, 'అరరోజు' అని రాసిందనుకుందాం. జవాబొక్కటే ఉంటే మనం 'తప్పు' అనగలం, అంతే. కూడిక, భాగహారం కూడా కాగితం మీద ఉంటే వేరే సంగతి తెలుస్తుంది. భిన్నాలు ఆ పిల్లకి చక్కగా వచ్చు. ఊటలన్నీ కలిసి పనిచేస్తున్నాయన్నదే మరిచిపోయింది. 'నాలుగో ఊట ఒక్కటే 4 గంటల్లో నింపుతుంటే, మిగతావి తోడయ్యాక 12 గంటలెందుకమ్మా?' అని అడిగితే చాలు. రోజంతా వదిలితే మొదటిది 1 బావి నింపుతుంది, రెండోది 2, మూడోది 3, నాలుగోది 6. మొత్తం 12. కనుక ఒక బావికి రోజులో పన్నెండో వంతు, అంటే 2 గంటలు.

వరస రాసిపెట్టినవాడు, తప్పయితే నన్ను ఇక్కడ పట్టుకోండి అని చెబుతున్నాడు. వట్టి జవాబు రాసినవాడు నమ్మమంటున్నాడు. ఇంకో మాట: స్టెప్పు సరైనదైతే టీచరైనా, తండ్రైనా పిల్లను కాదనలేరు. పెద్దా చిన్నా లేని చోట్లు మన ఇళ్ళల్లో ఎన్ని ఉన్నాయి?

'రామానుజం స్టెప్పులు రాశాడా?' అని అడిగేవారు ప్రతి సభలోనూ ఒకరుంటారు. నిజమే, 1913లో హార్డీకి పంపిన ఉత్తరంలో సూత్రాలే తప్ప రుజువులు లేవు. కాని అదే ఉత్తరంలో ప్రధాన సంఖ్యలను గురించి ఆయన చెప్పింది నిలవలేదు. ఆయన నోటుపుస్తకాల్లోని ఫలితాలకు రుజువులు చూపడానికి బ్రూస్ బెర్ంట్ అనే అమెరికన్ ఆచార్యుడికి 1985 నుంచి 1998 దాకా అయిదు సంపుటాలు పట్టింది. మన అబ్బాయి హోంవర్కుకి అంత ఓపిక ఎవరికుంటుంది! లీలావతి సూత్రాలకైనా ఉపపత్తులు చెప్పాలని గణేశ దైవజ్ఞుడు 1545లో బుద్ధివిలాసిని అనే వ్యాఖ్య రాశాడు. కారణం చూపమనడం తెల్లవాళ్ళ చాదస్తమేమీ కాదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. స్టెప్పులు కూడా ఎరువు తెచ్చుకోవచ్చు. ఆఫీసులో అలిసి వచ్చిన తండ్రి రాత్రి తొమ్మిదింటికి చిత్తుకాగితం మీద గబగబా కట్టి ఇస్తాడు, పిల్ల దించుకుంటుంది. ఇప్పుడు తండ్రి కూడా అక్కర్లేదు. ఫోనుతో ఫొటో తీస్తే వరసంతా వచ్చేస్తుంది. చూడ్డానికి అచ్చమైన లెక్కే. ఆ పిల్లనే '12 ఎక్కడిదమ్మా?' అని అడిగితే మన మొహం చూస్తుంది. వట్టి జవాబుకంటే ఇదే పెద్ద అబద్ధమని మాకు తోస్తుంది. వట్టి జవాబు తనకు దారి తెలుసునని చెప్పుకోలేదు కదా.

అలాగని పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకునేదాకా చూస్తూ కూర్చోమనడం లేదు. 'రోజంతా వదిలితే ఏమవుతుంది?' అన్నంతవరకు మనం అందించవచ్చు. ఆ పన్నెండూ మాత్రం తనే కూడుకోవాలి. నిద్రవేళకీ తేలకపోతే కాగితాన్ని సగంలోనే బడికి పంపండి. ఎక్కడ ఆగిపోయిందో టీచరుగారు చూసుకుంటారు.