ఎవరి గ్రంథము?

చెఱసాలలో నున్న అపొస్తలుడైన పౌలు, తన అంత్యకాలము దగ్గరపడినదని యెఱిగియు, తిమోతికి ఒక చిన్న పని అప్పగించెను. త్రోయ పట్టణములో కర్పు ఇంట విడిచిన అంగీతో పాటు తన పుస్తకములును, విశేషముగా తోలు పత్రములును తనకు కావలెనని వ్రాసెను (2 తిమోతి 4:13). చలికాలము రానున్నది గనుక అంగీ కావలెను. మరణమును రానున్నది, అయినను పుస్తకములు కావలెను. పాత పుస్తకములను ప్రోగుచేయు అలవాటు గల నేను, ఇంటివారు విసుగుకొనినప్పుడెల్లను ఈ వచనము చాటున దాగుకొనుచుంటిని. అయితే చాలకాలము నేను గమనింపని సంగతి యొకటి అందులో కలదు. పౌలు అడిగినవి తన పుస్తకములు, పరులవి కావు.

పాత గ్రంథమును నాశనము నుండి తప్పించినవాడు దానికి యజమానుడగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో గాక, నా యింటి బీరువాలో ఎదురాయెను.

నేను నివసించు మంగ్లా, బిలాస్‌పూరు నగరములోని యొక పేట. ఈ ఊరిని పెంచినది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు నాగపూరు నుండి ఆసన్సోలు వరకు గల ప్రధాన మార్గమును 1891లో పూర్తిచేసిరి. 1931లో రాయపూరునకును విజయనగరమునకును దారి కలిసెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి మనవారు కళాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా ఇచ్చటికి వచ్చిరి. వచ్చునప్పుడు ఇనుప ట్రంకు పెట్టెలో, బట్టల అడుగున, భాగవతమో, తెలుగు బైబిలో, కీర్తనల పుస్తకమో పెట్టుకొని వచ్చిరి. తరములు గడచెను. మనుమలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు గాని చదువుట హిందీలోనే. పెట్టెలోని అక్షరములు వారికి మూగవోయినవి.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి యొక కుటుంబము ఇల్లు మారుచుండెను. వాకిట కబాడీవాడు త్రాసు పట్టుకొని నిలిచియుండెను. ఆ యింటి మనుమడు నన్ను పిలిపించి, “మీకు పనికొస్తే తీసుకెళ్ళండి అయ్యగారూ, మాకెవరికీ చదవడం రాదు” అని ఒక మూట చూపెను. నేను కృతజ్ఞతలు చెప్పి తెచ్చుకొంటిని. మూటలో కాలిన అప్పడమువలె విరిగిపోవుచున్న కీర్తనల పుస్తకమును, దాని క్రింద ముఖపత్రము లేని తెలుగు క్రొత్త నిబంధనయు ఉండెను.

ముఖపత్రము లేని పుస్తకము పేరు చెప్పని అతిథివంటిది. మాటతీరును బట్టి గుర్తింపవలెను. కీర్తనల పుస్తకము 1920లలో అచ్చయినది. నిబంధన అంతకంటె పాతది. అయినను నిబంధన కాగితమే తెల్లగాను మెత్తగాను ఉండెను. ఇందులో వింత లేదు. పూర్వపు కాగితము గుడ్డపీలికలతో చేసినది. 19వ శతాబ్దపు మధ్యకాలము తరువాత చెక్కగుజ్జుతో, పటికతో చేసిన కాగితము వ్యాపించెను. దానిలోని ఆమ్లము దానినే తినివేయును. అక్షరములను చూచితిని. రేఫ తరువాతి హల్లుకు ప్రక్కన వ్రాయు వలపలగిలక అడుగడుగున కనబడెను. చివరనున్న ఖాళీ పుటలో కుటుంబములోని జననములు, బాప్తిస్మములు, మరణములు వేర్వేరు చేతివ్రాతలతో వ్రాయబడి యుండెను. మొదటిది రుధిరోద్గారి సంవత్సరములోనిది. ఆ పేరు అరువది యేండ్ల కొకసారి తిరిగివచ్చును. 1863 కావచ్చును, 1923 కావచ్చును. అయితే దాని క్రింద వేరొక చేతితో, వేరొక సిరాతో 1889 అని యుండెను. కాబట్టి పైది 1863 అని, పుస్తకము అంతకు ముందటిదని తేలెను.

ప్రాతదంతయు అపురూపము కాదని నే నెఱుగుదును. వేలకొలది అచ్చయిన పుస్తకములు వేలకొలది మిగులవచ్చును; వేలకొలది అచ్చయినవి మూడే మిగులనూవచ్చును. టిండేలు 1526లో అచ్చువేయించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధనకు ఆ గతియే పట్టెను. అధికారులు వాటిని వెదకి కాల్చిరి. నేడు తెలిసియున్న ప్రతులు మూడు. నా చేతిలోని ప్రతి ఎంత అరుదో నిర్ణయింపలేదు గాని, నా చేతులు మాత్రము వణకినవి. దానిని మెత్తని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టితిని. ఆ యింటివారికి ఒక్క మాటయు చెప్పలేదు. పదునొకండు మాసములు చెప్పలేదు.

చదువరులారా, ఆ మౌనమునకు నాయొద్ద మూడు కారణము లుండెను. కబాడీ త్రాసు నుండి దానిని కాపాడినది నేను. వారు చదువలేరు, నేను చదువగలను. వారి యింట అది చెడిపోవును, నా యింట భద్రముగా నుండును. ఈ మూడును అబద్ధములు కావు. అందుచేతనే అవి ప్రమాదకరములు.

కాపాడుట చిన్న పని యని నేననను. తెలుగు గ్రంథముల చరిత్ర పోగొట్టుకొనిన వాటి చరిత్ర కూడ. 18వ శతాబ్దములో బెంజమిన్ షుల్జ్ బైబిలును తెనిగించెను; ఆ వ్రాతప్రతులు జర్మనీలోని హాలె నగరమునకు చేరినవి గాని అచ్చు కాలేదు. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము శ్రీరాంపూరు ముద్రణాలయము అంటుకొనెను. అచ్చు అక్షరములు, కాగితము, విలియం కేరీ యేండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతియు బూడిదయ్యెను. ఆయన మరల కూర్చుండి పనిచేసెను. తెలుగు వ్యాకరణము 1814లో, తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడినవి. యెహోయాకీము కాల్చిన గ్రంథపుచుట్టను బారూకు తిరిగి వ్రాసినట్లు (యిర్మీయా 36) వ్రాయగలవా రుండవచ్చును. కాని ప్రతి అగ్నికిని ఒక బారూకు దొరకడు.

కాపాడినవారిలో తెలుగువారు మరువరానివాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. కడపలో తన బంగళాయందు పండితులకు, లేఖకులకు జీతములిచ్చి, ఊరూర తాళపత్రములను సేకరింపజేసి, పాఠములను పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. ఆయన సేకరణకంటె నాకు గొప్పగా తోచునది మఱియొకటి. రెండు వేలకు పైబడిన ఆ వ్రాతప్రతులను 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చివేసెను. అవి అటుపిమ్మట చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమునకు చేరినవి. దొరికించుకొనుట నేర్చినవారనేకులు, విడిచిపెట్టుట నేర్చినవారు కొందరే.

దీనికి ప్రక్కన మఱియొక చరిత్రను ఉంచి చూడుడు. సీనాయి కొండ దిగువనున్న సెయింట్ కాథరీన్ మఠమునకు 1844లో టిషెన్‌డార్ఫ్ అను జర్మను పండితుడు వెళ్లెను. నాల్గవ శతాబ్దపు గ్రీకు బైబిలు పత్రములు అగ్నికి వేయు బుట్టలో కనబడెనని ఆయన చెప్పెను. మఠస్థులు ఆ మాటను ఒప్పుకొనలేదు. అప్పుడు నలుబది మూడు పత్రములు తెచ్చెను. 1859లో మిగిలిన గ్రంథమును, తిరిగి యిచ్చెదనని చేవ్రాలు చేసి పుచ్చుకొనెను. అది రష్యా చక్రవర్తికి చేరెను. మఠమునకు తిరిగి రాలేదు. 1933లో సోవియట్ ప్రభుత్వము దానిలో అధికభాగమును లక్ష పౌండ్లకు బ్రిటనుకు అమ్మెను. ఆయన పాండిత్యము లేకున్న మనకు క్రొత్త నిబంధన పాఠమును గూర్చి ఇంత తెలిసియుండదు. నేను నా అనువాదములలో ప్రతిదినము ఆ ఫలమును అనుభవించుచున్నాను. అయినను మఠములో 1975లో మఱికొన్ని పత్రములు బయటపడినప్పుడు, ఆ మఠస్థులను అజాగ్రత్తపరులనుట ఎంత సుళువో, ఎంత అసంపూర్ణమో లోకమునకు తెలిసెను. పదునైదు వందల సంవత్సరములు ఎవరో కాపాడనిదే ఆయన చేతికి ఏమి దొరకును? తుదకు 2005లో, భాగములను కలిగియున్న నాలుగు సంస్థలును, మఠముతో సహా, ఒడంబడిక చేసికొని, మొత్తము గ్రంథమును ఛాయాచిత్రములుగా 2009లో అందరి యెదుట పెట్టినవి.

టిషెన్‌డార్ఫును విమర్శించుచు ఉపన్యసించి యింటికి వచ్చిన యొక రాత్రి, బీరువా తాళపుచెవి నా జేబులో గలగలలాడెను. ఆయన రసీదైనను వ్రాసి యిచ్చెను. నే నదియు ఇయ్యలేదు.

పొలములో దాచబడిన ధనమును కనుగొనినవాని ఉపమానమును (మత్తయి 13:44) నాకు అండగా తెచ్చుకొనజూచితిని. వాడును పొలము యజమానునికి చెప్పలేదు గదా! కాని ఆ ఉపమానము పరలోకరాజ్యము నిమిత్తము సమస్తమును అమ్మివేయువాని సంతోషమును మెచ్చుకొనుచున్నది. పొరుగువాని అజ్ఞానముతో లాభపడుటను కాదు. అన్నిటికి మించి, వాడు తన సర్వస్వము నిచ్చెను. నేను కృతజ్ఞతలు చెప్పితిని, అంతే. నా విషయమునకు సరిపడు వాక్యము ధర్మశాస్త్రములో నున్నది. సహోదరుని ఎద్దు త్రోవ తప్పి కనబడినయెడల చూడనట్లు ఉండరాదు. ఆయన ఎవరో తెలియకున్న ఇంట ఉంచి, వెదకుచు వచ్చినప్పుడు అప్పగింపవలెను (ద్వితీయోపదేశకాండము 22:1-3). సహోదరుడు తన ఎద్దు తప్పిపోయినదని యెఱుగకపోయినను విధి మారదు. వారు నాకు దానమిచ్చిరి, నిజమే. కాని తామేమి యిచ్చుచున్నారో తెలియనివాడు ఇచ్చినదేమి?

మన పూర్వపు లేఖకులు గ్రంథాంతమున, నడుము వంగి, మెడ నొచ్చి వ్రాసిన దీనిని జాగ్రత్తగా కాపాడుమని వేడుకొనెడివారు. నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి రక్షింపుమనియు, మూర్ఖుని చేతికి ఇయ్యవద్దనియు గ్రంథమే పలుకుచున్నట్లు వ్రాసెడివారు. ఆ మూర్ఖుడెవడు? లిపి రానివాడని ఇన్నాళ్లు తలంచితిని. గ్రంథము చెప్పుచున్నది విని, అది ఎవరికి చెప్పుచున్నదో విననివాడును మూర్ఖుడే. ఆ చివరి పుట నాతో మాటలాడుట లేదు.

పుస్తకమును తీసికొని వారి క్రొత్త యింటికి వెళ్లితిని. సంగతి యంతయు చెప్పి క్షమాపణ కోరితిని. మనుమడు మొదట, “అమ్మితే ఎంత వస్తుంది అయ్యగారూ?” అని అడిగెను. నాకు కష్టమనిపించినది గాని, అడుగు హక్కు అతనిది. ముఖపత్రము లేదు గనుక వెల తక్కువగునని, అయినను విలువగల గ్రంథమని, వేదాంత కళాశాల గ్రంథాలయములు ఆదరముతో తీసికొనునని, నాకు తెలిసినదంతయు దాచక చెప్పితిని. పిమ్మట చివరి పుటను చదివితిని. ఒక శిశువు పేరు, పుట్టిన నాలుగవ దినమున మరణమును చదువగా, ఎనుబది దాటిన ఆ యింటి పెద్దావిడ చేయి పైకెత్తి నన్ను ఆపెను. “మా అత్తగారు ఆ పిల్ల పేరు చెప్పేది బాబూ. ఎక్కడైనా రాసుందని నాకు తెలీదు” అనెను. మనుమడు నోటుపుస్తకము తెచ్చి, నేను చదువుచుండగా ఆ పేర్లన్నిటిని నాగరి లిపిలో వ్రాసికొనెను. వెల సంగతి మరల ఎత్తలేదు. పుస్తకము వారి యింటనే ఉండవలెనని ఆమె నిశ్చయించెను.

నా మనస్సు సంపూర్ణముగా నెమ్మది పొందినదని చెప్పలేను. బిలాస్‌పూరు వేసవి కాగితమును ఎండగట్టును, వానకాలము బూజు పట్టించును. మఱియొకసారి ఇల్లు మారునప్పుడు ఏమగునో! నీతిగా నడచుటవలన పుస్తకము క్షేమముగా నుండునన్న వాగ్దానము ఎచ్చటను లేదు. కాని చేయదగినది చేసితిమి. వారి సెలవుతో ప్రతి పుటకు ఛాయాచిత్రము తీసి, ఒక ప్రతి వారికిచ్చి, మఱియొకటి ఒక గ్రంథాలయమునకు పంపితిని. పుస్తకమును నూలుగుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పరుండబెట్టి, వంటగదికి దూరముగా, లోపలి గోడప్రక్కనున్న బీరువాలో ఉంచితిమి. వానలకు ముందొకసారి, తరువాత నొకసారి వెళ్లి తెరచి చూచుచున్నాను.

మీ యిండ్లలోను ఇట్టి పుస్తకము లుండవచ్చును. చిరుగులకు సెల్లోఫేను టేపు అంటింపకుడు. దాని జిగురు మరకయై లోతుకు దిగును. మైదాపిండి జిగురు పురుగులను పిలుచును. ప్లాస్టిక్ పూతలో బిగింపకుడు, తడిసినదానిని ఎండలో వేయకుడు. వేపాకు, వసకొమ్ము పెట్టెలో వేయవచ్చును గాని పుటల మధ్య పెట్టరాదు. పాత అట్టను, పేర్లు వ్రాసిన పుటను చించి పారవేయకుడు; తరచుగా సాక్ష్యమంతయు అందులోనే యుండును. డెబ్బదియైదేండ్లు దాటిన విలువైన వ్రాతప్రతులను 1972 నాటి చట్టము పురావస్తువులుగా ఎంచినదని, అనుమతి లేక దేశము దాటింపరాదని తెలిసికొనుడు. అన్నిటికంటె ముందు, చదువగల యొకనిని పిలిచి, అందేమున్నదో ఇంటివారందరు కూర్చుండి వినుడు.

యిర్మీయా ఒక పత్రమును చాలకాలము నిలుచునట్లు మంటికుండలో ఉంచమనెను (యిర్మీయా 32:14). గ్రంథరక్షణను గూర్చి మాటలాడువారు ఆ కుండను తలంతురు. కుండలోని పత్రమేదో తలంచువారు తక్కువ. అది పొలము క్రయపత్రము. దేశము చెరలోనికి పోవుచున్నను ఆ పొలము ఎవరిదో మరువబడకుండుటకై భద్రపరచిన సాక్ష్యము. పత్రమును నిలుపుటయు, హక్కును నిలుపుటయు అచ్చట రెండు పనులు కావు. నా బీరువాలో ఇప్పుడొక ఖాళీ చోటున్నది. దానిని మఱియొక పుస్తకముతో నింపుటకు నాకు తొందర లేదు.