పాదుకలు – శ్వేతదండము

ఒక సంపదను తరతరాలుగా కాపాడినవానికి అది స్వంతమవుతుందా?

దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో 1892లో జన్మించిన టోల్కీన్ మహాశయుడు ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలలో ఈ ప్రశ్ననే మన ముందుంచాడు. అందులో గోండోర్ రాజు శత్రువు సవాలును స్వీకరించి వెళ్లి, తిరిగి రాలేదు. అతనికి సంతానం లేదు. నాటి నుండి 969 సంవత్సరాలు, 26 మంది రాజప్రతినిధులు వంశపారంపర్యంగా పాలించారు. రాజు వచ్చేవరకే అధికారమని వారి ప్రమాణం. సింహాసనం శూన్యంగా ఉండేది; ప్రతినిధి దాని మెట్ల దిగువన నల్లరాతి పీఠంపై కూర్చునేవాడు. తెల్లని దండమే అతని చిహ్నం.

చివరివాడైన డెనెథోర్ దుష్టుడు కాడు. శత్రువుల నడుమ రాజ్యాన్ని నిలబెట్టిన ధీరుడు. కాని వారసుడు సమీపించినప్పుడు అతనికి లోబడనన్నాడు. పరాజయం తప్పదన్న నిరాశ, పుత్రశోకం కూడా తోడై అగ్నికి ఆహుతయ్యాడు.

మన భరతుడు కూడా అగ్నిని తలచినవాడే. పదునాలుగేండ్లు నిండిన మరునాడు రాముడు కనబడకుంటే అగ్నిప్రవేశం చేస్తానని ప్రతిజ్ఞ చేసి, పాదుకలను శిరసున ధరించి నందిగ్రామానికి వెళ్లాడు. ప్రభువు రాకుంటే బ్రతుకు వద్దన్నవాడు ఒకడు. ప్రభువు వస్తుంటే బ్రతుకు వద్దన్నవాడు మరొకడు.

డెనెథోర్ పక్షాన ఒక న్యాయం లేకపోలేదు. వేయేండ్లు నెత్తురు ధారపోసినవారికి హక్కు ఉండదా? గౌరవం పొందే హక్కు తప్పక ఉంటుంది. కాని ప్రతినిధి పీఠానికి ఆధారం లేని రాజు పేరే. ఆ పేరును కాదన్ననాడు తన పీఠాన్ని తానే కాదన్నట్లు.

చెరకుతోటలలో కూలిచేసిన మా తాతగారి తరంవారు కట్టిన గుడి తాళపుచెవి చాలాకాలం నా వద్దనే ఉండేది. యువకులు లెక్కలు చూపమన్ననాడు, “ఇది మా తాత కట్టిన గుడి” అని కోపగించాను. లెక్కలలో దోషం లేదు. దోషం “మా” అనే మాటలో ఉంది. తాతగారు కట్టినది దేవునికి, ఊరందరికీ. ఆలస్యంగానైనా తాళపుచెవి అప్పగించాను.

డెనెథోర్ కుమారుడు ఫరామిర్ తెల్లని దండాన్ని రాజుకు సమర్పించాడు. రాజు దానిని అతనికీ, అతని వంశానికీ తిరిగి ఇచ్చాడు. పట్టుకున్నవాని చేతిలో నిలువనిది, అప్పగించినవాని చేతికి మరలి వచ్చింది. మరలి రాకపోయినా అప్పగించడమే ధర్మం.