బాటసారి బిడ్డ

 

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ మనందరికీ తెలిసిందే. కాని ఆ గాథ తల్లిదండ్రులకు దూరమై, పరాయి దేశం చేరిన ఒక పిల్లవాడి గాథ అన్న సంగతిని మనం అంతగా గమనించం. అన్నలు ఆయన్ని బావిలో పడవేశారు. నీళ్ల కోసం ఆగిన బిడారువాళ్లు ఆయన్ని బయటికి తీశారు. కాని సరుకులా దాచి, కొద్దిపాటి దిర్హములకు అమ్మేశారు. ఈజిప్టులో ఆయన్ని కొన్న వ్యక్తి మాత్రం, ఈ అబ్బాయిని గౌరవంగా చూసుకోమని తన భార్యకు చెప్పాడని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. బిడ్డ ఒక్కడే. ఒకరి కంటికి సరుకు, మరొకరి కంటికి మనిషి.

ఈ రెండు చూపుల్లో మనది ఏది?

బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశాల నుంచి ఎందరో కూలీలు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాలకు వస్తున్నారు. కొందరు భార్యాబిడ్డలతో వస్తారు. మీసం కూడా రాని కుర్రవాళ్లు కొందరు కాంట్రాక్టరు వెంట ఒంటరిగా వస్తారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొట్టకూటి కోసం వచ్చిన వలస కార్మికులే. పెద్దవాళ్లకే ఇంత ప్రమాదం పొంచి ఉన్నచోట పసివాళ్లకు ఏం పని? 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరం. 18 ఏళ్లు నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్ని 2016లో చేసిన చట్ట సవరణ నిషేధించింది. హోటల్, గ్యారేజీ, వర్క్‌షాపు నడిపే సోదరులు ఇది తమకు కాదనుకోరాదు. తక్కువ జీతానికి దొరికాడని పిల్లవాణ్ణి పెట్టుకున్నవాడి చూపు ఆ బిడారువాళ్ల చూపే.

ఈ గాథలో మరో హెచ్చరిక కూడా ఉంది. యూసుఫ్ (అ)ను గౌరవంగా ఉంచిన ఇంట్లోనే, ఆయన యుక్తవయసుకు వచ్చాక, ఆయన శీలానికి పరీక్ష ఎదురైంది. ఏ తప్పూ చేయని ఆయన చెరసాల పాలయ్యారు. అయినవాళ్లు దగ్గర లేని బిడ్డకు మంచి ఇంట్లో కూడా ఆపద రావచ్చు. కాబట్టి అన్నం పెట్టి చోటిస్తే మన బాధ్యత తీరిపోదు. పదిమంది కళ్లు ఆ బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. దూర రాష్ట్రాల పిల్లలను చేర్చుకునే మన మదరసాలకూ ఇదే వర్తిస్తుంది. తల్లిదండ్రుల అనుమతి పత్రం, వయసు ధ్రువపత్రం దగ్గర ఉండాలి. పిల్లవాడు తన ఇంటివాళ్లతో తరచూ మాట్లాడాలి. కుమారుని కోసం ఏడ్చి ఏడ్చి హజ్రత్ యాఖూబ్ (అ) కంటిచూపు పోగొట్టుకున్నారు. నేడు ఒక తండ్రి కన్నీరు తుడవడానికి ఒక్క ఫోను చాలు.

ప్రియ సోదరులారా! జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒకరు. మన గల్లీలోకి వచ్చిన బిడ్డ బాటసారిగానో, పేదవాడిగానో మన సొమ్ములో హక్కుదారుడు. ముస్లిమేతరుల బిడ్డలకు సదఖా సొమ్ముతో సాయపడవచ్చు. ఆకలికి మతం లేదు.

సొమ్ము లేనివారు కూడా చేయగల మేలు ఒకటుంది. బీహార్ నుంచి వచ్చిన తల్లికి తెలుగు రాదు. బడిలో పంతులుగారు చెప్పేది ఆమెకు అర్థం కాదు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనం ఇద్దరి మధ్య మాట కలపగలం. ఆ తల్లి వెంట బడికి వెళ్లండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను జనన ధ్రువపత్రం లేదనో, టీసీ లేదనో బడిలో చేర్చుకోకుండా ఉండరాదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆరేళ్లలోపు వారిని అంగన్‌వాడీకి తీసుకెళ్లండి. గదులు అద్దెకిచ్చేవారు తమ గదుల్లో ఎందరు పిల్లలున్నారో, వారు పగలు ఎక్కడ ఉంటున్నారో తెలుసుకోండి. మస్జిద్ కమిటీలు జుమా నమాజు తర్వాత ఈ విషయం ప్రకటించాలి. ఒంటరిగా తిరుగుతున్న పిల్లవాడు గాని, కొట్టి పని చేయించుకుంటున్న యజమాని గాని కంటబడితే 1098కి ఫోను చేయండి.

ఆ బిడ్డ రేపు తన ఊరు వెళ్లిపోవచ్చు. మన పేరు కూడా అతనికి గుర్తుండకపోవచ్చు. కాని అల్లాహ్ దగ్గర అణువంత మేలు కూడా వృథా కాదు.

పరాయి ఊళ్లో ఉన్న ప్రతి బిడ్డనూ అల్లాహ్ కాపాడుగాక! ఆ రక్షణకు మన చేతులను సాధనంగా చేయుగాక! ఆమీన్.